పేలాల చప్పుడు

చైత్ర శుద్ధ పాడ్యమి, ఉగాది

గాలి తూర్పు నుంచి, మెల్లగా. తొట్టిలో ఉప్పు సరిపడా ఉంది. మెత్తమ్మ కులాసా.

రోజూ ఈ మూడు ముక్కలు రాస్తే చాలునని నియమం. మా అమ్మ ఈ తూకంగదిని చూసుకున్నన్నాళ్లూ అంతే రాసి పుస్తకం మూసేది. నాకు చెయ్యి ఊరుకోదు. ఈ దినచర్య ఎవరూ చదవరు, ఊరిపెద్ద పోలయ్య బాబు అసలే చదవడు, కాబట్టి నా ఇష్టం వచ్చినంత రాసుకుంటాను.

ఈ రోజు మా ఆయన కొర్లయ్యకి పట్టాభిషేకం జరిగింది. మా తెప్పూరు నీటి మీద తేలే ఊరు. తీరం మునిగిపోయినప్పుడు మా ముత్తాతలు పడవలన్నీ పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, వాటి మీద ఇళ్లు వేసుకున్నారు. నేల మీద బతికినవాళ్లకి ఎవరి వేళ వాళ్లదట. మాకు అలా కాదు. లేవడానికి గంట, నీళ్లకి గంట, అన్నానికి గంట, వల లాగడానికి గంట. ఇన్నాళ్లూ వీధికో గంట, దానికో మనిషి ఉండేవారు. తూర్పు వీధివాళ్లు తిని చేతులు కడుక్కునే వేళకి పడమటి వీధిలో అన్నం గంట మోగేది. పోలయ్య బాబుకి ఈ గందరగోళం నచ్చలేదు. ఊరొకటి, తెప్పొకటి అయినప్పుడు గంట ఒకటి కావద్దా అన్నాడు. వీధి గంటలన్నీ కరిగించి ఒకటే పెద్ద గంట పోయించాడు. దాన్ని కొట్టే పని మా ఆయనకి దక్కింది.

దక్కదా మరి. ఆయన గుండె ఎప్పుడైనా దెబ్బ తప్పుతుందేమో గానీ గంట తప్పదు. మూడు దెబ్బలు కొట్టి, చిన్న ఊపిరి తీసుకుని, మళ్లీ మూడు కొడతాడు. మా మావయ్యా అలాగే కొట్టేవాడు. వాళ్ల వంశంలో అందరి చెయ్యీ అంతే.

కుండీలో పెంచిన వేపకి పూసిన కాసిని పూలూ ఊరంతటికీ సర్ది పచ్చడి చేశాం. పెద్ద గంట మోగగానే ఊరంతా ఒక్కసారే నోట్లో వేసుకున్నాం, ఒక్కసారే ముఖాలు చిట్లించాం. నాకు గర్వంతో కళ్లు చెమర్చాయి. తూర్పు వీధి గంట కొట్టే ముసలి గురమ్మప్ప మాత్రం పచ్చడి తినలేదు. తన గంట కరిగించడానికి ఇచ్చేశానని అందరితోనూ చెప్తోంది. ఇచ్చింది గంట కాదు, పాత అట్లపెనం అని నా అనుమానం.

శుద్ధ అష్టమి

గాలి లేదు. ఉప్పు సరిగానే ఉంది. మెత్తమ్మ సంగతి కింద రాస్తాను.

మెత్తమ్మ అంటే ఈ తూకంగదిలోని గాజు తొట్టిలో, ఉప్పునీళ్లలో, మీగడలా పరుచుకున్న నరాల మడి. మా అమ్మమ్మ కాలంలో వేశారు. వీధుల్లో బల్లల కింద తీగలుంటాయి. మనిషి అడుగేస్తే తీగ చిటుక్కుమంటుంది. ఆ చిటుకు వచ్చి మడి అంచున ఉన్న కణాన్ని గిల్లుతుంది. ఒక్క గిల్లుడికి కణం పలకదు. నాలుగు వైపుల నుంచీ గిల్లుళ్లు పోగయ్యాక, ఇక పట్టలేక, చుట్టూ ఉన్న ఉప్పుని గబుక్కున లోపలికి లాక్కుని తనూ చిటుక్కుమంటుంది. అది వెళ్లి పక్కవాటిని గిల్లుతుంది. కణాల్లో కొన్ని ఎగదోసేవి, కొన్ని ఆగు ఆగు అని అణిచేవి. ఈ తోపులాట అంతా తేలేసరికి, ఊరి అడుగున ఏ నీటి అర నింపాలో, ఏది తోడాలో తూములకి కబురు వెళ్తుంది. ఊరు ఒరగకుండా నిలబడుతుంది.

దీన్ని ఆలోచన అనాలా, పని అనాలా అని చిన్నప్పుడు మా అమ్మని అడిగాను. మన తలకాయల్లోనూ ఇంతకంటే గొప్ప వ్యవహారమేమీ లేదు, పోయి తొట్టి తుడువు అంది.

తొట్టి పక్కన వినికిడి డబ్బా ఉంటుంది. లోపలి చిటుకుల్ని చప్పుడుగా మార్చి వినిపిస్తుంది. మెత్తమ్మ బాగున్నప్పుడు అది అచ్చం మంగలంలో పేలాలు వేగుతున్నట్టు ఉంటుంది. ఏ గింజ ఎప్పుడు పేలుతుందో చెప్పలేం, కానీ చప్పుడు ఆగదు. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆ చప్పుడులోనే పెరిగాను. అది వింటూ మేత కలుపుతాను, అది వింటూ కునుకు తీస్తాను.

ఈ రోజు మధ్యాహ్నం అన్నం గంట మోగిన కాసేపటికి పేలాలు ఆగిపోయాయి. ఠప్ మని ఒక్క మోత. తర్వాత నిశ్శబ్దం. మళ్లీ ఠప్. మంగలంలో గింజలన్నీ ఒక్కసారే పేలినట్టు. తూములన్నీ ఒక్కసారే తెరుచుకుని ఒక్కసారే మూసుకున్నాయి. ఊరు ఎడమకి ఒరిగింది, కుడికి ఒరిగింది, చివరికి నిలబడింది. నేను తొట్టిని కౌగిలించుకుని కూర్చున్నాను.

ఇంటికి వెళ్లేసరికి మా చారు పక్కింటి గుమ్మంలో ఉంది, వాళ్ల చేపల పులుసు మా చాప మీద ఉంది. అందరూ నవ్వుకున్నారు. మారకం మాకే లాభమని మా ఆయన అన్నాడు. నేనూ నవ్వాను గానీ మనసు మనసులో లేదు. మెత్తమ్మకి మూర్ఛ రావడం మా అమ్మ కాలంలో ఎరగం.

చైత్ర పున్నమి

కెరటం ఎత్తు. ఉప్పు సరి. మెత్తమ్మకి మళ్లీ మూర్ఛ.

ఈసారి నీళ్ల గంటకి వచ్చింది. బిందెలన్నీ దొర్లిపోయాయి. పోలయ్య బాబు ఇంటి ముందు ఆరబెట్టిన చేపలు వచ్చిన దారినే సముద్రంలోకి వెళ్లిపోయాయి. ఆయన పున్నమి పోటు వల్లే ఇలా జరుగుతోందని తేల్చి సభ పెట్టించాడు.

మా సభలో ఒక ఆచారం ఉంది. పెద్ద తన మాట చెప్తాడు, గంట మోగుతుంది, అందరం ఒకే గొంతుతో సరే అంటాం. ఎవరైనా నసిగితే, ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని వెక్కిరిస్తారు. ఆ పేరు ఒకసారి పడితే పిల్లల పెళ్లిళ్ల దాకా వదలదు. కాబట్టి ఎవరూ నసగరు.

ఈ రోజు సరే అన్నది ఏమిటంటే, ఇకనుంచి ఊరు ఒరగగానే ఒరుగు గంట మోగాలి. దెబ్బకో అడుగు చొప్పున ఊరంతా పైకి లేచిన వైపుకి కదలాలి. మెత్తమ్మ రాకముందు మా వాళ్లు అలాగే ఊరిని నిలబెట్టుకున్నారట. రోజూ రెండు పూటలా సాధన చెయ్యాలి.

చైత్ర బహుళ పంచమి

గాలి దక్షిణం. ఉప్పు కొంచెం పెంచాను. మెత్తమ్మ నీరసం.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మా పని. సాధన మొదలైన దగ్గర్నుంచి మూర్ఛలు రోజూ వస్తున్నాయి. ఊరు ఒరుగుతుంది, గంట మోగుతుంది, అందరూ ధన్ ధన్ మని అటు నడుస్తారు, మెత్తమ్మ ఠప్ మంటుంది, ఊరు ఇటు ఒరుగుతుంది, అందరూ ధన్ ధన్ మని ఇటు నడుస్తారు. కోళ్లు నడవడం మానేసి కూర్చునే ఉంటున్నాయి. మనుషుల కంటే వాటికే తెలివి ఎక్కువనిపిస్తోంది.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. నీళ్లు మార్చాను, వేడి తగ్గించాను, మేతలో పంచదార తగ్గించి చేపనూనె పెంచాను. గురమ్మప్ప వచ్చి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. మిరపకాయలు బయట పారేసి, ఉప్పు మాత్రం తొట్టిలో వేశాను.

సాయంత్రం పోలయ్య బాబు గదికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి, తొట్టికి దణ్ణం పెట్టి, ఆ తర్వాతే కూర్చున్నాడు. మూర్ఛలొచ్చే మనిషి చేతికి చుక్కాని ఇవ్వలేం కదా రత్నం అన్నాడు. వచ్చే పున్నమి లోపల నయం కాకపోతే తొట్టిలోకి మంచినీళ్లు వదిలేస్తారట. తర్వాత నీటి అరల దగ్గర చేతిపంపులు పెట్టి, మగవాళ్లు వంతులేసుకుని తోడతారట.

మంచినీళ్లు అంటే మెత్తమ్మకి విషం. ఉప్పు లేకపోతే చిటుకు లేదు, చిటుకు లేకపోతే మెత్తమ్మ లేదు. ఆయన వెళ్లాక తొట్టి మీద తల పెట్టి ఏడ్చాను. మా అమ్మ పోయిన రోజు కూడా ఈ తొట్టి మీదే తల పెట్టి ఏడ్చాను. డబ్బాలో పేలాలు మెల్లగా వేగుతూనే ఉన్నాయి.

బహుళ దశమి

గాలి మెల్లగా. ఉప్పు సరి. మెత్తమ్మ పర్వాలేదు.

మా ఆయనకి చంకలో సెగ్గడ్డ లేచింది. చెయ్యి ఎత్తితే ప్రాణం పోతోందట. గంట కొట్టలేనని అరగంటకోసారి నిట్టూరుస్తున్నాడు. గడ్డ కంటే నిట్టూర్పులతోనే నాకు ఎక్కువ అవస్థ. ఆయన బదులు గురమ్మప్పని కొట్టమన్నారు. ఆవిడ రొమ్ము విరుచుకుని వెళ్లింది.

ఆవిడకి చెవి సగమే వినిపిస్తుంది, చెయ్యి ముప్పావే లేస్తుంది. ఒక దెబ్బ కొట్టి చుట్ట వెలిగించుకుంటుంది. కొట్టానో లేదోనని అనుమానమొచ్చి ఇంకొకటి కొడుతుంది. అది అన్నం గంటో వల గంటో ఎవరికీ అంతుబట్టడం లేదు. కొందరు తింటున్నారు, కొందరు వల భుజానేసుకుని నిలబడుతున్నారు, మా పక్కింటివాళ్లు రెండుసార్లు తిన్నారు. ఒరుగు సాధన అయితే అడగొద్దు. ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని తిట్టుకున్నారు.

అమావాస్య

పెద్ద పోటు. ఉప్పు సరి. మెత్తమ్మ భేష్.

పున్నమికి ఎంత కెరటమో అమావాస్యకీ అంతే. అయినా మూర్ఛ రాలేదు. ఐదు రోజులుగా రాలేదు. రోజంతా పేలాలు దివ్యంగా వేగాయి. నా కొత్త మేతే పనిచేసిందని పోలయ్య బాబు నలుగురిలో మెచ్చుకుని వంజరం చేప తల పంపించాడు. అంత చేపనూనెకి ఏ మూర్ఛ నిలుస్తుందిలెమ్మని నేనూ నమ్మేశాను. పులుసు పెట్టుకుని తిన్నాం. మా ఆయన ఎడంచేత్తో తిన్నాడు.

వైశాఖ శుద్ధ చవితి

గాలి పడమర. ఉప్పు సరి. ఇంకేమీ సరిగా లేదు.

గడ్డ పగిలింది. మా ఆయన పొద్దున్నే స్నానం చేసి, గంటకి బొట్టు పెట్టి, కరువు తీరా కొట్టాడు. ఊరు మళ్లీ గాడిన పడిందని అందరూ సంతోషించారు. అన్నం గంటకి మూర్ఛ వచ్చింది, ఇంతవరకూ వచ్చినవాటన్నిటి కంటే పెద్దది. గురమ్మప్ప బల్లల మీద జారిపడి చీలమండ బెణికించుకుంది. ఆ ముసలామె బాధ చూసి ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పటికప్పుడే సభ పెట్టారు. ఈ పున్నమి పోటు గడవగానే మెత్తమ్మకి మంచినీళ్లు వదలాలని పోలయ్య బాబు చెప్పాడు. చెప్తున్నప్పుడు నా వైపు చూడలేదు. గంట మోగింది. అందరూ సరే అన్నారు.

నేనూ అన్నాను.

ఇంటికొచ్చి ఎంతసేపు ఆలోచించినా ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియడం లేదు. గంట చెవిలో పడింది, నోరు తెరుచుకుంది. మధ్యలో తల అనేది ఒకటుందని ఆ చిటుకుకి ఎవరూ చెప్పలేదు. ఆగు అనాల్సిన కణాలు నా తలలో ఒక్కటి కూడా లేవలేదు. ఉప్పూ కారం తినే మనిషినేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

శుద్ధ దశమి

గాలి, ఉప్పు తర్వాత రాస్తాను. ముందు ఇది రాయాలి.

నాలుగు పూటలుగా నేను సరిగా తినడం లేదని మా ఆయన క్యారేజీ పట్టుకుని గదికి వచ్చాడు. ఆయనకి ఈ గది వాసన పడదు. పెళ్లయ్యాక ఇక్కడ అడుగుపెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మూతి ముడుచుకుని ముద్ద కలిపి పెట్టబోతుండగా మెత్తమ్మకి మూర్ఛ వచ్చింది. చిన్నదే. డబ్బాలో ఠప్ ఠప్ ఠప్ మంది.

నేను తూముల వైపు పరిగెత్తాను. వాటిని చేత్తో బిగించి వెనక్కి వచ్చేసరికి మా ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని డబ్బాకి చెవి ఆనించి ఉన్నాడు. మూర్ఛ సాగుతూనే ఉంది. ఆయన రెండో చెయ్యి మోకాలి మీద దానితో పాటు దెబ్బ వేస్తోంది. మూడు దెబ్బలు. చిన్న ఊపిరి. మళ్లీ మూడు.

"ఒలే రత్నం, ఇది నా సెయ్యే," అన్నాడు.

ఏ చెయ్యి అని అడిగాను.

"నా గంటే ఇది. మా అయ్య కాడ నేర్సుకున్న దెబ్బ ఇరుపు. గంట ఆగిపోయి ఎంతసేపయిందో. ఈవిడ ఇంకా కొడతానే ఉంది."

అప్పుడు నాకు ఒక్కొక్కటే తట్టింది. వీధికో గంట ఉన్నన్నాళ్లూ మూర్ఛ లేదు. గురమ్మప్ప కొట్టినన్నాళ్లూ లేదు. ఊరంతా ఒకే దెబ్బకి ఒకే అడుగు వేస్తే తీగలన్నీ ఒక్కసారే చిటుక్కుమంటాయి, కణాలన్నీ ఒక్కసారే నిండుతాయి, ఒక్కసారే పేలుతాయి. అణిచే కణాలకి సందు దొరకదు. అన్నీ పేలాక అన్నీ అలిసి ఊరుకుంటాయి, మళ్లీ అన్నీ ఒక్కసారే లేస్తాయి. అందులో ఏ కబురూ ఉండదు. అన్ని కణాలూ ఒకే మాట మీద ఉంటే ఇక ఆలోచించడానికి ఎవరున్నారు?

ఇంత తెలిసినందుకు ఎగిరి గంతేద్దామనుకున్నాను. మా ఆయన ముఖం చూసి ఆగిపోయాను. చేతిలో ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేశాడు. గంట మానెయ్యమని నేను అనలేదు. నా తలలోని ఆపే కణాలు, సభలో పనికిరానివి, ఈ రోజు బాగా పనిచేశాయి. ఆయనే లేచి, పద, పెద్దబాబుతో చెప్దాం అన్నాడు.

పోలయ్య బాబు అంతా విన్నాడు. కోప్పడలేదు. కానీ ఒప్పుకోలేదు. మన తాతలు కలిసి అడుగెయ్యబట్టే మునగకుండా బతికారు, ఇప్పుడు ఎవడి అడుగు వాడిది అంటే రేపు తుఫానులో ఊరిని ఎవరు నిలబెడతారు అని అడిగాడు. అందులో అబద్ధమేమీ లేదు. పైగా సభ సరే అన్న మాట ఇంతవరకు వెనక్కి పోలేదు. గుమ్మం దాకా సాగనంపుతూ, ఊరికి ఒక్క ఉలిపికట్టే ఎక్కువ, మీ ఇంట్లో ఇద్దరు తయారయ్యారా అన్నాడు.

వైశాఖ పున్నమి

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే నా తప్పు కాదు.

పొద్దున పోటుకి కెరటాలు వీధుల్లోకి చిమ్ముతున్నాయి. మా ఆయన లేపే గంట మెత్తగా కొట్టాడు, కానీ ఊరు మెత్తగా లేవదు కదా. అందరూ ఒక్కసారే దిగారు, ఒక్కసారే నడిచారు. మెత్తమ్మ ఠప్ మంది. కింద తూములు దబదబా కొట్టుకున్నాయి. ఊరు పడమరకి ఒరిగింది. బల్లల సందుల్లోంచి నీళ్లు పైకి వచ్చాయి. చేత్తో బిగించాలని చూశాను, కెరటం ముందు నా బలమెంత.

తూకంగది కిటికీలోంచి గంట అరుగు కనిపిస్తుంది. ఊరంతా వీధుల్లో బారులు తీరి, పడిపోకుండా గోడల కొక్కేలు పట్టుకుని, ఒరుగు గంట కోసం చూస్తున్నారు. ఇప్పుడు అందరూ ధన్ మని తూర్పుకి నడిస్తే, ఆ చిటుకుతో మూర్ఛ రెండింతలవుతుంది, ఊరు తూర్పుకి తిరగబడుతుంది. అది నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు. ఆయన సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి దించి, సుత్తి అరుగు మీద పెట్టి, ఆ సుత్తి మీదే కూర్చున్నాడు.

కొట్టవేం కొర్లయ్యా అని పోలయ్య బాబు అరిచాడు.

"కొట్టను బాబూ. సెయ్యి కొట్టమంతంది. నానే వొద్దంతన్నాను."

గంట లేకుండా ఎటు కదలాలో ఎవరికీ తెలియదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గురమ్మప్ప గొంతు వినిపించింది. కాలికి కట్టు కట్టుకుని గుమ్మంలో కూర్చుని, నిప్పు లోపలికి పెట్టి పీలుస్తున్న అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి చేత్తో పట్టుకుని అంది.

"నానైతే ఇక్కడే కూకుంతాను. ఎవులెటెల్తే నాకేటి?"

ఇక మొదలైంది. ఒకావిడకి పొయ్యి మీద గంజి గుర్తొచ్చి ఇంట్లోకి పరిగెత్తింది. ఒకాయన కోళ్లని వెతుక్కుంటూ పడమరకి వెళ్లాడు. కొందరు తూర్పుకి నడిచారు, కొందరు నడిచి మళ్లీ వెనక్కి వచ్చారు. చాలామంది మా ఆయన్ని తిట్టడానికి అరుగు దగ్గరికి బయల్దేరారు, అది కూడా ఎవరి దారిన వాళ్లే. పోలయ్య బాబు అందరినీ బతిమాలుతూ బారుకి అడ్డంగా అటూ ఇటూ తిరిగాడు.

నేను డబ్బాకి చెవి ఆనించాను. ఠప్. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఠప్, కానీ ఈసారి అంచున కొన్ని గింజలు ఆలస్యంగా పేలాయి. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి. తర్వాత నాలుగు. తర్వాత మంగలం వేడెక్కినట్టు మొత్తం పేలాల మోత. తూములు ఒక్కొక్కటే తమ తమ వేళకి కదిలాయి. బల్లల మీది నీళ్లు మెల్లగా సందుల్లోకి దిగిపోయాయి. కిటికీలో సముద్రం గీత వంకర తీరి అడ్డంగా నిలబడింది.

నేను గట్టిగా ఏడ్చాను. ఈసారి సంతోషంతో.

వైశాఖ బహుళ విదియ

గాలి తూర్పు. ఉప్పు సరి. మెత్తమ్మ కులాసా.

ఈ రోజు సభ జరిగింది. నేను గది వదిలి వెళ్లలేదు, కిటికీ తెరిచి విన్నాను. పోలయ్య బాబు గంట లేకుండానే అడిగాడు: మెత్తమ్మని ఉంచుదాం, పెద్ద గంట వల లాగడానికి మాత్రమే కొడదాం, సరేనా? గంట లేకపోయేసరికి జవాబు చెప్పడం ఎవరికీ చేతకాలేదు. ముందు మూలనుంచి ఒక సరే వచ్చింది. కాసేపటికి ఇంకో రెండు. ఎవరో దేనికి సరే అని అడిగారు. ఎవరో నాకు సరి కాదు, అన్నం వేళ ఎలా తెలుస్తుంది అన్నారు. ఆకలేస్తే తెలుస్తుందని ఇంకెవరో అన్నారు. గొడవ పెరిగి, నవ్వులు పుట్టి, మళ్లీ సరేలు వచ్చాయి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. కళ్లు మూసుకుని వింటే నా డబ్బా చప్పుడులాగే ఉంది.

చివరికి పోలయ్య బాబు తల గోక్కుని, వల లాగేటప్పుడు కలిసే లాగాలి, ఆలోచించేటప్పుడు అక్కర్లేదులా ఉంది అని ఒప్పుకున్నాడు. మిగతా పనులకి మళ్లీ వీధికో గంట పెడతారట. గంటలన్నీ కరిగిపోయాయి కదా అని ఎవరో అంటే, గురమ్మప్ప కుంటుకుంటూ ఇంట్లోకి వెళ్లి మంచం కింద నుంచి తన గంట తెచ్చి అరుగు మీద పెట్టింది. ఇంకా మూడు ఇళ్లలో మంచాల కింద నుంచి మూడు గంటలు వచ్చాయి. పెద్ద గంటలో కరిగినవి ఎన్ని అట్లపెనాలో ఆ దేవుడికే తెలియాలి. ఊరంతా ఉలిపికట్టెలే అని పోలయ్య బాబు అన్నాడు. ఈసారి ఆ మాటకి ఎవరూ తల దించుకోలేదు.

మా ఆయన చేతికి ఇప్పుడు పని సగం తగ్గింది. కొన్నాళ్లు దిగులు పడతాడనుకున్నాను. మధ్యాహ్నం ఏ గంటా మోగకముందే గది గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆకలేస్తోందట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం ఇదే మొదలు. చెప్పి ఆయనే సిగ్గుపడ్డాడు. ఇద్దరం తొట్టి పక్కన కూర్చుని వేళ కాని వేళ తిన్నాం. వాసన పడదన్న మనిషి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

తిన్నాక వెళ్లలేదు. డబ్బాకి చెవి ఆనించి, మోకాలి మీద వేళ్లతో దెబ్బ వేస్తూ, పేలాల చప్పుడులో తాళం పట్టుకోవాలని చూస్తున్నాడు. రెండు దెబ్బలు దొరుకుతాయి, మూడోది జారిపోతుంది. మళ్లీ మొదలుపెడతాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే పని.

దొరికిందా మావా అని అడిగితే, ఇంకా నేదు రత్నం అంటున్నాడు. ఆయనకి దొరకనన్నాళ్లూ ఊరు బాగున్నట్టే.